అబిడ్స్, నాంపల్లి నుంచి అడవి బాట, కయాక్ పడవ: కుటుంబ విహారానికి ముందు తెలుసుకోదగిన విషయాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగర హృదయభాగమైన అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో నివసించే కుటుంబాలకు సెలవు దినాన చెట్టు నీడన నాలుగు అడుగులు వేయడానికి చిరకాలంగా పబ్లిక్ గార్డెన్సే ప్రధాన ఆశ్రయం. 19వ శతాబ్దిలో రూపుదిద్దుకొని, శాసనసభ భవనం, జూబిలీ హాలు, రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల, జవహర్ బాలభవన్‌లకు నెలవైన ఈ ఉద్యానవనం మూడు తరాల పిల్లలకు ఆటస్థలంగా నిలిచింది. వ్యాపార కూడళ్లు, కార్యాలయాలు, ఇరుకు వీధులతో నిండిన ఈ ప్రాంతవాసులు గడచిన దశాబ్దకాలంగా మరికొంత దూరం వెళుతున్నారు. కొండ బాటలలో నడక, జలాశయాలలో కయాక్ పడవ నడపడం కుటుంబసమేతంగా చేసే విహారాలుగా స్థిరపడుతున్నాయి.

ఇది ఆహ్వానించదగిన పరిణామమే. నడక, తెడ్డువేత రెండూ శరీరానికి మంచి వ్యాయామం. పిల్లలకు పుస్తకంలో చదివిన పక్షినీ చెట్టునూ ప్రత్యక్షంగా చూసే అవకాశం లభిస్తుంది. అయితే ఈ విహారాలు విషాదాంతమైన సందర్భాలు కూడా మన కళ్ళెదుట ఉన్నాయి. 2023 జనవరిలో సంక్రాంతి సెలవులలో వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయంలో నీటిలో దిగిన ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మునిగి మరణించారు. 2025 జూన్‌లో అదే జిల్లాలోని సర్పన్‌పల్లి జలాశయంలో పడవ తిరగబడి ఇద్దరు మహిళా పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. వినోదం కోసం బయలుదేరిన వారు క్షేమంగా ఇల్లు చేరాలంటే స్థలం, చట్టం, ఋతువు, రక్షణ అనే నాలుగు విషయాలపై ముందుగా అవగాహన ఉండాలి. ప్రజలకు ఈ సమాచారాన్ని చేరవేసే పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడేలా ఆ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

నగర పరిధిలోని అడవులు

జూబిలీ హిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం సుమారు 390 ఎకరాల విస్తీర్ణం కలిగినది. 1998లో దీనికి జాతీయ ఉద్యానవన హోదా లభించింది. నెమళ్ళకు ఇది ప్రసిద్ధి. నడకకు కొత్తవారు, చిన్న పిల్లలు, వయోవృద్ధులు ఉన్న కుటుంబాలు ఇక్కడి నుంచి ఆరంభించడం అనువుగా ఉంటుంది. బాట స్పష్టంగా ఉంటుంది, అలసిన చోట ఆగి వెనుదిరగవచ్చు.

విజయవాడ రహదారిపై వనస్థలిపురం వద్ద ఉన్న మహావీర్ హరిణ వనస్థలి 3,758 ఎకరాల విశాలమైన వనం. వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ వార్షికోత్సవాన్ని పురస్కరించుకొని 1975లో దీనికి ఈ పేరు పెట్టారు. కృష్ణజింకల సంరక్షణ ఇక్కడి ముఖ్యోద్దేశం. నాంపల్లి మెట్రో స్టేషన్‌లో మియాపూర్, ఎల్.బి. నగర్ మార్గపు రైలు ఎక్కితే బండి మారనవసరం లేకుండా ఎల్.బి. నగర్ చేరవచ్చు. ఈ మార్గంలో అమీర్‌పేట, ఎల్.బి. నగర్ మధ్య రాకపోకలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమయ్యాయి. అక్కడి నుంచి వనస్థలిపురానికి బస్సు సౌకర్యం ఉంది. సొంత వాహనం లేని కుటుంబం కూడా ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగలదు.

నగరానికి పడమట, చిలుకూరు సమీపంలో మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. మూడున్నర చదరపు కిలోమీటర్లకు కొద్దిగా మించిన ఈ వనంలో చుక్కల దుప్పులు, కణుజులు సంచరిస్తుంటాయి. చిలుకూరు బాలాజీ ఆలయానికి మెహిదీపట్నం నుంచి బస్సులు నడుస్తాయి గనుక దైవదర్శనం, వనదర్శనం ఒకే రోజున పూర్తి చేసుకొనే కుటుంబాలు అనేకం. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర మహిళలకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించడంతో తల్లులు, పిల్లలు కలిసి వెళ్ళే విహారాలకు ఖర్చు మరింత తగ్గింది.

వీటికి తోడు 2015 జూలైలో చిలుకూరు వద్దనే ప్రారంభమైన తెలంగాణకు హరితహారం కార్యక్రమంలో భాగంగా నగర శివారులోని రిజర్వు అటవీ ఖండాలలో కొంత భాగాన్ని ప్రజల నడకకు అనువైన అటవీ ఉద్యానాలుగా తీర్చిదిద్దారు. మేడ్చల్ మార్గంలోని కండ్లకోయ ఆక్సిజన్ పార్కు ఇందుకు ఒక ఉదాహరణ. జాతీయ స్థాయిలో 2020 జూన్ 5న ప్రకటించిన నగర వన యోజన లక్ష్యం కూడా ఇదే. అటవీ ఖండంలో కొద్ది భాగాన్ని సందర్శకులకు తెరచి, మిగిలిన భాగాన్ని కంచె వేసి సహజంగా ఎదగనివ్వడం ఈ ఉద్యానాల రూపకల్పనలోని మూలసూత్రం.

రాతి కొండలు, అనంతగిరి

దక్కను పీఠభూమిలోని గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రం చెబుతోంది. నగరం చుట్టూ ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన రాతి గుట్టలు వీటి ఫలితమే. ఈ శిలల పరిరక్షణకు 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ సంస్థ శిలల మధ్య నడకలను నిర్వహిస్తూ వస్తోంది. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటి స్వచ్ఛంద బృందాలు కొండ నడకను నగర యువతకు పరిచయం చేశాయి.

నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి కోట ఏకశిలపై నిర్మితమైనది. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన ఈ కోట మెట్లను పాఠశాల వయస్సు పిల్లలు పెద్దల తోడుతో ఎక్కగలరు. ఈ శిలపైనే పర్వతారోహణలో తొలి శిక్షణ పొందిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయస్సు 14 సంవత్సరాలైనా నిండలేదు. ప్రపంచంలోనే అత్యున్నత శిఖరానికి దారి తెలంగాణ రాతి గుట్ట నుంచి మొదలు కావడం గమనార్హం.

కుటుంబ విహారాలకు మిక్కిలి ప్రసిద్ధి చెందినవి వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలు. నగరం నుంచి దాదాపు 80 కిలోమీటర్ల దూరం. నాంపల్లి వాసులకు రైలు ప్రయాణం సౌకర్యవంతమైనది. నిజాం కాలంలో 1874లో పూర్తయిన సికింద్రాబాద్, వాడి రైలు మార్గంపై వికారాబాద్ ఒక కూడలి. అక్కడ దిగి స్థానిక వాహనంలో కొండపైకి చేరవచ్చు. అనంత పద్మనాభస్వామి ఆలయం, దట్టమైన చెట్ల నడుమ సాగే బాటలు ఇక్కడి ఆకర్షణలు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద అనంతగిరిని పర్యావరణ పర్యాటక మండలంగా అభివృద్ధి చేయడానికి ఎంపిక చేసింది.

అనంతగిరికీ నగరానికీ ఉన్న సంబంధం విహారంతో ముగిసేది కాదు. మూసీ నది జన్మస్థానం ఈ కొండలే. అబిడ్స్‌కు కూతవేటు దూరంలో అఫ్జల్‌గంజ్ పక్కగా ప్రవహించే మూసీ 1908 సెప్టెంబరు 28న వరద రూపంలో వేలాది ప్రాణాలను బలిగొంది. ఆ తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల నేపథ్యంలో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి. అనంతగిరిపై పడిన వాన చినుకు ఉస్మాన్ సాగర్ చేరుతుంది. కొండపై విడిచిన ప్లాస్టిక్ సంచి కూడా అదే దారి పడుతుంది. సందర్శకులు తమ చెత్తను తామే వెనక్కి తీసుకురావాలని కోరడం వెనుక ఉన్న కారణం ఇదే.

అనంతగిరికి సమీపంలోని దామగుండం అటవీ ప్రాంతం కూడా గతంలో నడక బృందాలకు పరిచితమైనదే. అయితే నౌకాదళ రాడార్ కేంద్రానికి అక్కడ 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అందువల్ల పాత పటాలను, పాత వ్యాసాలను ఆధారం చేసుకొని అటు వెళ్ళడం తగదు.

చట్టం ఏమి చెబుతోంది

అడవి ప్రజలందరి ఆస్తి గనుక ఎవరైనా ఎప్పుడైనా ప్రవేశించవచ్చుననే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. ఇది సరైనది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేని ప్రవేశంపై ఆంక్షలున్నాయి. అధ్యయనం, ఛాయాచిత్రణ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం వంటి ప్రయోజనాలకు 28వ సెక్షన్ కింద అనుమతి పత్రం ఇవ్వవచ్చు. 35వ సెక్షన్ ద్వారా ఈ నిబంధనలు జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తాయి. నిప్పు పెట్టడం, ఆరని నిప్పును వదిలి రావడం 30వ సెక్షన్ కింద నిషిద్ధం. కనుక ఉద్యానవన ద్వారం వద్ద కొనే టికెట్టును రుసుము రసీదుగా మాత్రమే చూడరాదు. నిర్ణీత సమయంలో, నిర్ణీత బాటపై సంచరించడానికి అది చట్టబద్ధమైన అనుమతి. బాట విడిచి లోపలికి వెళ్ళినవారు ఆ అనుమతి పరిధిని దాటినట్లే.

జాతీయ ఉద్యానవనాలు, అభయారణ్యాలు కాని రిజర్వు అడవులకు అటవీ చట్టం, 1967 వర్తిస్తుంది. వాటిలో నడకకు వెళ్ళదలచిన బృందాలు సంబంధిత రేంజి అధికారిని ముందుగా సంప్రదించాలి. దీనివలన బృందానికే మేలు. ఎవరు, ఎంతమంది, ఏ బాటలో వెళ్ళారో సిబ్బందికి తెలిసి ఉంటే దారి తప్పినప్పుడు వెదకడం సులభమవుతుంది.

పులుల అభయారణ్యాల నిబంధనలు మరింత కఠినమైనవి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సందర్శకులకు అటవీ శాఖ వాహన విహారం, స్థానిక మార్గదర్శకుల తోడు మాత్రమే మార్గం. వర్షాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు వరకు అక్కడ విహారాన్ని నిలిపివేస్తారు. వన్యప్రాణుల సంతానోత్పత్తికి భంగం కలగరాదన్నది ఇందులోని ఉద్దేశం.

కయాక్ అంటే ఏమిటి

కయాక్ అనే సన్నని పడవ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతి ప్రజలది. సీలు చర్మాన్ని చట్రంపై బిగించి వేట కోసం వారు దీనిని తయారు చేసుకొనేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి కయాక్ పోటీలు ఒలింపిక్ క్రీడలలో చోటు చేసుకున్నాయి. మన నదులలో చేపల వేటకు వాడే పుట్టి కూడా ఇటువంటి ఆలోచన నుంచి పుట్టినదే. వెదురు బద్దల అల్లికపై తోలు కప్పి చేసిన పుట్టి గుండ్రంగా ఉండి ఒకచోట నిలకడగా తేలుతుంది. కయాక్ పొడవుగా, సన్నగా ఉండి వేగంగా ముందుకు సాగుతుంది. ఆ సన్నదనం వలననే కూర్చున్నవారు ఒక పక్కకు ఒరిగితే అది సులభంగా తిరగబడుతుంది.

దీని తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. కుడి, ఎడమ పక్కల మార్చి మార్చి వేస్తేనే పడవ తిన్నగా సాగుతుంది. ఒకే పక్క వేస్తే పడవ రెండో పక్కకు తిరుగుతుంది. భుజాల బలంతోనే కాక నడుము తిప్పుతూ తెడ్డు వేస్తే అలసట తక్కువ. ఈ ప్రాంతపు జలాశయాలలో సాధారణంగా కనిపించేవి ప్లాస్టిక్‌తో చేసి, పైన కూర్చొనే విధంగా రూపొందించిన ఒక సీటు, రెండు సీట్ల కయాక్‌లు. చిన్న పిల్లలు పెద్దలతో కలిసి రెండు సీట్ల పడవలోనే ఎక్కాలి.

కోట్‌పల్లి జలాశయం 1960వ దశకంలో సాగునీటి కోసం నిర్మించినది. 2010వ దశకం ద్వితీయార్ధంలో అక్కడ కయాకింగ్ ఆరంభమై నగరవాసులను విశేషంగా ఆకర్షించింది. లక్నవరం, సోమశిల, నాగార్జునసాగర్ వంటి జలాశయాలలో పర్యాటక శాఖ ఆధ్వర్యాన పడవ విహారాలున్నాయి. జలాశయం సాగునీటి శాఖది, చుట్టూ ఉన్న అడవి అటవీ శాఖది, పడవ నిర్వాహకులు వేరొకరు అయిన చోట ఎవరి అనుమతితో పడవలు నడుస్తున్నాయో సందర్శకులు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. అది వారి హక్కు. ఒక సంవత్సరం నడచిన చోట మరుసటి సంవత్సరం అనుమతి లేకపోవచ్చు గనుక బయలుదేరే ముందు రోజే నిర్ధారించుకోవాలి.

నీటిపై రక్షణ

ఇటీవలి చరిత్రలో తెలుగువారిని కలచివేసిన మూడు ప్రమాదాలు మూడు వేర్వేరు పాఠాలు చెబుతున్నాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువనున్న ఆనకట్ట నుంచి నీరు విడుదల కావడంతో కొట్టుకుపోయారు. ఆనకట్ట దిగువన నిలకడగా కనిపించే నీరు నిమిషాలలో ప్రవాహంగా మారగలదన్నది ఇందులోని పాఠం. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. అనుమతి లేని పడవ ఎక్కరాదని ఈ ప్రమాదం హెచ్చరిస్తున్నది. 2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది జలసమాధి అయ్యారు. మృతులలో తెలంగాణవాసులూ ఉన్నారు. వరద కాలంలో నదీ విహారం వాయిదా వేసుకోవడమే వివేకమని అది నేర్పింది.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పడవల భద్రతపై 2017లో మార్గదర్శకాలను ప్రచురించింది. సాహస పర్యాటకంపై జాతీయ మార్గదర్శకాలు 2018లో వెలువడ్డాయి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం, 2021లో యంత్రం లేని పడవలకు సైతం ఒక అధ్యాయాన్ని కేటాయించారు. అయితే చట్టం ఎంత చక్కనిదైనా తీరాన నిలిచిన కుటుంబ పెద్ద పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

ఈత వచ్చినవారైనా, రానివారైనా ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించాలి. దానిని పడవలో పక్కన పెట్టుకుంటే ప్రయోజనం లేదు. నీటిలో పడిన తరువాత దానిని తొడుక్కోవడం దాదాపు అసాధ్యం. జాకెట్‌ను వయస్సును బట్టి కాక శరీర బరువును బట్టి ఎంచుకోవాలి. బక్కిల్స్ అన్నీ బిగించిన తరువాత భుజాల వద్ద పట్టి పైకి లాగి చూడాలి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది వదులుగా ఉన్నట్లు లెక్క. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరిగా ఉండాలి. సరిపడిన కొలత జాకెట్ లేకపోతే ఆ పిల్లవానిని ఒడ్డునే ఉంచాలి.

పడవ తిరగబడితే దానిని వదలి ఒడ్డుకు ఈదడానికి ప్రయత్నించరాదు. కయాక్ తేలుతూనే ఉంటుంది గనుక దానిని పట్టుకొని సహాయం కోసం కేక వేయాలి. ఒడ్డు దూరం కంటికి కనిపించేదానికంటే ఎక్కువ ఉంటుంది. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళితే అలసిన తరువాత తిరుగు ప్రయాణంలో గాలి తోడ్పడుతుంది. గాలివాటున హాయిగా దూరం వెళ్ళినవారే తిరిగి రాలేక ఇబ్బంది పడతారు. ఆకాశంలో ఉరుము వినిపించిన వెంటనే నీటి నుంచి బయటకు రావాలి.

సాగునీటి జలాశయాలలో ఈతకు, స్నానానికి దిగడం కయాక్ నడపడం కంటే అపాయకరం. ఈ జలాశయాల అడుగు సమతలంగా ఉండదు. పూడిక మట్టి తవ్విన గోతులు, మునిగిన చెట్ల మొదళ్ళు, కాలు దిగబడే బురద నీటి పైనుంచి కనిపించవు. మోకాలి లోతున నడుస్తున్న వ్యక్తి మరుసటి అడుగులో నిలువు లోతుకు జారిపోవచ్చు. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఒకరి వెనుక ఒకరు దిగడంతో కుటుంబాలకు కుటుంబాలే బలి అవుతున్నాయి. ఈత, రక్షణ విద్య తెలియనివారు నీటిలో దిగకుండా తాడు, పొడవైన కర్ర, చీర, ఖాళీ నీళ్ళ డబ్బా వంటివి అందించి లాగడమే మార్గం.

నడకలో జాగ్రత్తలు

నగరం చుట్టూ ఉన్నవి అధికంగా ఆకురాల్చే ఎండు అడవులు. ఫిబ్రవరి నుంచి మే వరకు నేలపై ఎండుటాకులు పరుచుకొని ఉంటాయి. ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీ ముక్క హెక్టార్ల కొద్దీ అడవిని దహించగలదు. వంట పొయ్యిలు, టపాకాయలు అడవిలో పూర్తిగా నిషిద్ధమని గుర్తించాలి. కుటుంబం భోజనాన్ని ఇంటి నుంచే వండి తీసుకువెళ్ళడం మేలు.

నడకకు అనుకూలమైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరి 1 నుంచి నుమాయిష్ జరిగే రోజులు ఈ కాలంలోనే వస్తాయి. వేసవిలో తప్పనిసరైతే సూర్యోదయానికే బయలుదేరి పది గంటలలోపు ముగించాలి. బండరాయి ఎండ వేడిని పట్టి ఉంచుతుంది గనుక గుట్టపై తాపం నేల మీదకంటే అధికం. పిల్లలు దాహం వేసినా ఆటలో పడి చెప్పరు. పెద్దలే గుర్తుంచుకొని నీళ్ళు తాగించాలి. వర్షాకాలంలో నాచు పట్టిన రాళ్ళు, పొంగే వాగులు ప్రమాదకరం. నిన్న దాటిన వాగు నేడు దాటదగినదిగా ఉండకపోవచ్చు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి మన ప్రాంతంలో ప్రాణాపాయకరమైన నాలుగు విషసర్పాలు. బూట్లు ధరించడం, చేతిని రాతి సందులో పెట్టకపోవడం, చీకటి పడకముందే తిరిగి రావడం వలన కాటు ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయరాదు. కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, బాధితుని నడిపించకుండా మోసుకొని వచ్చి, 108 వాహనంలో విషవిరుగుడు మందు లభించే ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆరంభమైన ఈ 108 సేవతో పాటు 112 అత్యవసర సంఖ్యను కూడా కుటుంబ సభ్యులందరూ గుర్తుంచుకోవాలి.

కోట గోడలకు, ఎత్తైన బండలకు వేలాడే కొండ తేనెటీగల తుట్టెలు మరొక ముప్పు. పొగ, ఘాటైన అత్తరు వాసనలు, రాళ్ళు విసరడం వాటిని రెచ్చగొడతాయి. ఈగలు మీద పడితే ముఖాన్ని గుడ్డతో కప్పుకొని తుట్టెకు దూరంగా పరుగెత్తాలి.

స్థానికుల భాగస్వామ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి అమలైన ఉమ్మడి అటవీ యాజమాన్య విధానంలో ఏర్పడిన వన సంరక్షణ సమితులు మారేడుమిల్లి, తలకోన వంటి చోట్ల పర్యాటక వసతులను స్వయంగా నిర్వహించి ఆదాయం పొందాయి. నల్లమలలోని ఫరహాబాద్ ప్రాంతంలో చెంచు యువకులు మార్గదర్శకులుగా పనిచేస్తున్నారు. బాటల గుర్తులు, వాగు పొంగే వేళలు, జంతువుల సంచారం స్థానికులకు తెలిసినంతగా పటం చెప్పలేదు. మార్గదర్శకునికి చెల్లించే రుసుము కుటుంబానికి రక్షణ, గ్రామానికి జీవనోపాధి, అడవికి కాపలా అనే మూడు ప్రయోజనాలను ఒకేసారి నెరవేరుస్తుంది.

అధికారులు, పాత్రికేయుల బాధ్యత

సందర్శకుల రద్దీ సంక్రాంతి, దసరా, వేసవి సెలవులలో హెచ్చుతుందన్నది అందరికీ తెలిసినదే. ఆ రోజులలో జలాశయాల వద్ద అటవీ, నీటిపారుదల, పర్యాటక, పోలీసు, రెవెన్యూ శాఖల సిబ్బంది ముందస్తు సమన్వయంతో పనిచేస్తే ప్రమాదాలను నివారించవచ్చు. లోతును, స్నాన నిషేధాన్ని తెలిపే హెచ్చరిక బోర్డులు తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్ల భాషలలో ఉండడం అవసరం. అబిడ్స్, నాంపల్లి వంటి ప్రాంతాల నుంచి వెళ్ళే కుటుంబాలలో ఇంటికి ఒక భాష వాడుకలో ఉన్నది. వచ్చే సందర్శకులు చదవలేని బోర్డు ఉన్నా లేనట్లే. ప్రతి పడవకు పరిమితి సంఖ్యను పక్కనే రాయించడం, ఒడ్డున తాళ్ళు, తేలే కడియాలు అందుబాటులో ఉంచడం స్వల్ప వ్యయంతో అయ్యే పనులే.

పత్రికలలో, దృశ్య మాధ్యమాలలో ఇంతవరకు ఎవరికీ తెలియని జలపాతం, కొత్త పిక్నిక్ స్థలం వంటి కథనాలు పాఠకులను విశేషంగా ఆకర్షిస్తాయి. ఆ కథనం వెలువడిన మరుసటి ఆదివారమే వందలాది కుటుంబాలు అక్కడికి చేరుకుంటాయి. కనుక అటువంటి ప్రతి కథనంలో నాలుగు వాక్యాలు అదనంగా చేర్చవలసిందిగా పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి. ఆ స్థలం ఏ శాఖ అధీనంలో ఉన్నది, ప్రవేశానికి అనుమతి ఉన్నదా, ఏ నెలలలో వెళ్ళరాదు, సమీప ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నది అనే వివరాలు వాటిలో ఉంటే చాలు. ప్రమాద వార్తలు రాసేటప్పుడు కూడా మృతుల సంఖ్యతో ఆగక, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పడవకు అనుమతి ఉన్నదా, హెచ్చరిక బోర్డు ఉన్నదా అని విచారించి రాస్తే ఆ వార్త మరొక ప్రమాదాన్ని ఆపగలదు.

కుటుంబంతో బయలుదేరే ప్రతి ఒక్కరూ ఎక్కడికి వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి రానున్నదీ ఇంటివద్ద ఉన్నవారికి లేదా ఇరుగుపొరుగువారికి చెప్పి వెళ్ళాలి. అనుమతి ఉన్న బాటపైనే నడవాలి, అనుమతి ఉన్న పడవనే ఎక్కాలి, నిప్పును, ప్లాస్టిక్‌ను అడవికి దూరంగా ఉంచాలి. ఈ విషయాలను విస్తృతంగా ప్రచారం చేసి ప్రజలకు తోడ్పడవలసిందిగా పాత్రికేయులను, సంబంధిత అధికారులను కోరడమైనది.